రెండు టెంట్ల పెళ్లి

బాలవ్వ మాంసం కూర దించి మూత తీస్తే, ఆ వాసనకు పెద్దపల్లి జంక్షన్ దాటిపోవాల్సిన బొగ్గుల బండి ఒకటి పట్టాల మీదే ఆగిపోయిందని ఊళ్లో చెప్పుకుంటారు. డ్రైవరు ఇంజను దిగి, పొలాలకు అడ్డంపడి వచ్చి, కడుపునిండా తిని, చేయి కడుక్కుని, వెళ్లి బండి నడుపుకున్నాడట. బాలవ్వ భర్త కొమురెల్లిని అడిగితే ఆ డ్రైవరుకు అన్నం వడ్డించింది తానేనని ఒట్టు పెట్టుకుంటాడు. పట్టాలు మీ ఊరికి ఎంత దూరమని అడిగితే మాత్రం వినపడనట్టు బీడీలు వెతుక్కుంటాడు.

కూర సంగతి ఎలా ఉన్నా, బాలవ్వ మనసు పెద్దదనడంలో అబద్ధం లేదు. ఆ ఇంట్లో బర్రె ఈనినా, కొత్త బియ్యం వచ్చినా, కోడి కోసినా, ముందు ఒక గిన్నె చర్చి వాడకు పోవాల్సిందే. అక్కడ ప్రేమమ్మ ఉంటుంది. ఇద్దరూ పడుచుతనం నుంచి ఒకే జట్టులో నాట్లు వేశారు, కలుపు తీశారు. మధ్యాహ్నం పొలం ఒడ్డు మీద ఒకరి పచ్చిపులుసు ఒకరు పోసుకుని తిన్నారు. ప్రేమమ్మ వాళ్లది మెథడిస్టు కుటుంబం, తాతల నాడే మతం మారింది. మతం మారింది కానీ వాడ మారలేదు. ఊరికి తూర్పున, రోడ్డు అవతల, ఎక్కడ ఉన్న ఇళ్లు అక్కడే ఉన్నాయి. ఊరివాళ్ల లెక్కలో వాళ్ల కులం కూడా అక్కడే ఉంది.

“నాకు గా పట్టింపులు లేవమ్మా,” అనేది బాలవ్వ ఎవరితోనైనా. తన ముక్కు తన మొహం మీదే ఉందని ఎంత నమ్మకమో, ఈ మాట మీద కూడా ఆమెకు అంతే నమ్మకం. ప్రేమమ్మ వస్తే ఇంటి ముందు గద్దె మీద కూర్చోబెట్టి చాయ్ పోసేది, గంటలకొద్దీ ముచ్చట పెట్టేది. ఇంట్లోకి రావద్దని ఎన్నడూ అనలేదు. రమ్మని కూడా ఎన్నడూ అనలేదు.

ఆ ఏడు కొమురెల్లి మోకాలికి కరీంనగర్లో ఆపరేషన్ అయింది. మనిషి మళ్లీ నడిస్తే పోచమ్మకు మేకపోతును కోస్తానని బాలవ్వ మొక్కుకుంది. మనిషి నడిచాడు. నడవడమే కాదు, మోకాల్లో వేసిన ఇనుముకు ఉరుములు ముందే వినిపిస్తాయనీ, వాన వచ్చే ముందు తనకు తెలిసిపోతుందనీ చెప్పుకుని తిరిగాడు. దాంతో మొక్కు తీర్చక తప్పలేదు.

దావత్ రోజు వాకిట్లో చాపలు పరిచారు. చుట్టాలు వచ్చి కూర్చున్నారు. కొమురెల్లి అన్న హనుమండ్లు పెద్దరికంగా తూర్పు మొహం పెట్టి ముందు వరుసలో కూర్చున్నాడు. ఎప్పటిలాగే మొదటి బంతికి ఆకుల ఇస్తార్లు వేయకముందే బాలవ్వ టిఫిన్ గిన్నెల నిండా కూర, అన్నం సర్ది భర్తను బండి మీద పంపింది. అతను పోయినంత వేగంగా తిరిగి వచ్చాడు. గిన్నెలు పోయినట్టే వచ్చాయి.

“తిన్నరట. వద్దన్నది.”

“ఎవలు, ప్రేమనా?”

“ప్రేమనే. మూత గూడ తీయలే.”

బాలవ్వ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. తన కూర తిరిగి రావడం ఆమె బతుకులో జరగని సంగతి. “నేను వచ్చినంకనే బంతి ఏయిరి,” అని, కొంగు నడుముకు చెక్కుకుని, టిఫిన్ పట్టుకుని తనే బయలుదేరింది.

ప్రేమమ్మ వాకిట్లో కూర్చుని చేటలో కందిపప్పు ఏరుతోంది. ఆమె కొడుకు జోయల్‌కు కిందటి నెలే పెళ్లయింది. కొత్త కోడలు రెబెకాది కాగజ్‌నగర్. బాలవ్వను చూసి ఆ పిల్ల లేచి నిలబడి, ఒక పీట వేసి, లోపలికి పోయింది.

“ఏందే ప్రేమా, కూర ఎనుకకు పంపినవు? ఉప్పెక్కువైందని మూత తీయకుంటనే తెలిసిందా?”

“తిన్నమక్కా.”

“ఏం తిన్నవే? పప్పు ఇంక చేటల్నే ఉన్నది.”

ప్రేమమ్మ నవ్వలేదు. రెండు రాళ్లు ఏరి అవతల పారేసింది. “కూచో అక్కా. ఒకటడుగుత, చెప్పు. మా జోయల్ పెండ్లికి రెండు టెంట్లెందుకేసినం?”

అక్కడి పద్ధతి తెలియనివాళ్ల కోసం ఒక మాట. వాడలో పెళ్లి జరిగితే రెండు చోట్ల వంట చేస్తారు. చర్చి ముందు టెంటులో వాళ్ల బంధువులు తింటారు. ఊరివాళ్ల కోసం ఇంకో టెంటు దూరంగా వేసి, ఊరి కులాల వంటమనిషినే పెట్టి వండిస్తారు. మేకలు పెళ్లివారివే, బియ్యం పెళ్లివారివే, ఆ వంటమనిషి కూలి కూడా పెళ్లివారిదే. చేయి మాత్రం వాళ్లది కాకూడదు. ఊరివాళ్లు వచ్చి, మంచిగా తిని, కట్నం చదివించి పోతారు. దీన్ని ఎవరూ అవమానం అనరు. మర్యాద అంటారు.

“గదేం అడుగుడే?” అంది బాలవ్వ. “మీ చుట్టాలకొకటి, ఊరోళ్లకొకటి. ఎంత మంచిగ జరిగింది! ఊరు ఊరంతా కదిలొచ్చిందా లేదా?”

“వచ్చింది. రెండో టెంటు బడి ముంగట వెయ్యమని చెప్పిందెవలు?”

“నేనే చెప్పిన. పొగ రాకుంట, నీడ పడేటట్టు, గుంజలు యాడ పాతాల్నో నిలవడి చూపెట్టిన గూడ. మా తమ్ముడు అంజన్నను వంటకు తోలిన. నీకు సాయం చేసిన్నే నేను!”

“చేసినవక్కా. ఇంకోటి అడుగుత. మా కోడలు పెండ్లి చీరల, పెద్దోళ్లకు దండం పెట్టుకుంటనని గా టెంటు కాడికొచ్చింది. యాదికున్నదా?”

బాలవ్వకు గుర్తుంది. పెళ్లికూతురు వంట గంజుల పక్క నుంచి నడిచి రాబోతుంటే, అంజన్న గరిటె అడ్డం పెట్టి, ‘దూరం బిడ్డా, వంట కాడికి రావద్దు’ అన్నాడు. పిల్ల అక్కడే ఆగిపోయింది. అందరూ చూస్తున్నారు. బాలవ్వే గబగబా లేచి, పిల్ల చేయి పట్టుకుని, ‘రా బిడ్డా, ఇట్ల పోదాం’ అని ప్రేమగా అవతలికి తీసుకుపోయింది. పిల్ల చిన్నబోకుండా కాపాడానని ఆ రోజంతా తనను తాను మెచ్చుకుంది కూడా.

“నేనే గద చెయ్యి పట్టుకొని తీస్కపోయింది!”

“అవునక్కా, తీస్కపోయినవు. గంజు కాడికెల్లి దూరం తీస్కపోయినవు. అంజన్నను ఒక్క మాట అన్లే.”

బాలవ్వ టిఫిన్ గిన్నెలు పీట పక్కన దించింది.

“తెల్లారి కోడలు పిల్ల అడిగింది,” అంది ప్రేమమ్మ. “‘అత్తమ్మా, మనం వండింది తిననోళ్లను మన పెండ్లికి ఎందుకు పిలిచిన్రు?’ అని. నాకు జవాబు రాలే. ఇగ నీ గిన్నెల మూత తీయాలంటే చెయ్యి రాలే.”

“కులాన్ని నేను పుట్టించిన్నానే? నేను పుట్టకముందే ఉన్నది! నిన్ను ఒక్కనాడన్న ఎక్కువ తక్కువ మాట్లాడిన్నా? మా బావ హనుమండ్లు తిట్టినట్టు తిట్టిన్నా?”

“గదే చెప్తున్నక్కా. హనుమండ్లు పటేలు తిడుతడు. ఆయన టెంటు ఏయిమంటే మా జోయల్ కోపానికి ఏసేటోడే కాదు. నువ్వు చెప్పినవని ఏసినం. మంచిగ చెప్పినవని ఏసినం.”

బాలవ్వ పీట ముందుకు జరుపుకుంది. “సరే. నీ పప్పు ఉడకనీ. నీ ఇంట్ల, నీ చేతిది తినే లేస్త.”

“నాలుగు గోడల నడుమ తింటే ఎవలకెరుక? ఒడ్డు మీద ఇన్నేండ్లు తినలేదా? నీ సోపతి పొలంల ఉంటది, పెండ్లిల ఉండది.”

“మరి ఏం చెయ్యమంటవే నన్ను?”

“నాకేమెరుక? మీ దిక్కు సంగతి నువ్వు చూస్కో.”

బాలవ్వ ఊరి నడుమ నుంచి నిండు గిన్నెలతో ఇంటికి నడిచింది. ఆ రోజు దావత్‌లో ఉప్పు, కారం అన్నీ సరిపోయాయని చుట్టాలు మెచ్చుకున్నారు. ఆమె మాత్రం ఒక్క ముద్ద ముట్టలేదు.

మొదట వచ్చింది కోపమే. ఆ వారం ఆమె గిన్నెలు తోమిన చప్పుడుకు పక్కింటి కోళ్లు గుడ్లు పెట్టడం మానేశాయని కొమురెల్లి చెబుతాడు. ఇంత చేస్తే ఇదా ఫలితం? పిలిచి పెట్టడం తప్పా? ఊళ్లో ఎంతమంది పెడుతున్నారు? ఇలా తనలో తను వాదించుకుంటూ పోయేది. ఎంత వాదించినా ఒక చోటికి వచ్చేసరికి ఆగిపోయేది. ఆ పెళ్లికూతురి చేయి. గాజులతో, పసుపుతో వెచ్చగా ఉండాల్సిన చేయి, తాను పట్టుకుని నడిపిస్తుంటే కట్టెలా బిగుసుకుపోయింది. ఆ సంగతి అప్పుడే తెలిసింది. కొత్త పెళ్లికూతురు, భయపడిందిలే అనుకుంది. భయం కాదు. ఎటు తీసుకుపోతున్నారో ఆ పిల్లకు అర్థమైంది, తీసుకుపోయేవాళ్లకు అర్థం కాలేదు.

కొమురెల్లి ఒక ఉపాయం చెప్పాడు. “గీ ఫికరంతా ఎందుకే? ఇగ నుంచి ఏ దావత్ అయినా సుల్తానాబాద్ ఫంక్షన్ హాల్ల పెడదాం. బఫే పెడితే ఎవల పక్కన ఎవలు నిలవడ్డరో ఎవ్వడూ చూడడు.”

“చూడకుంటనే తింటరు. ఇంటికొచ్చినంక?”

“ఇంటికొచ్చినంక ఎవల ఇంట్ల వాళ్లుంటరు.”

“గందుకే నీ మోకాలు బాగైంది గానీ నడక బాగుకాలే,” అంది బాలవ్వ. కొమురెల్లికి ఆ మాట అర్థం కాలేదు కానీ మెచ్చుకోలు కాదని మాత్రం తెలిసింది.

ఆ రోజుల్లోనే చర్చి వాడలో బాలమల్లు కూతురి పెళ్లి కుదిరింది. రెండో టెంటు వంట అంజన్నకే ఒప్పజెప్పారు. ఆ సంగతి చెవిన పడగానే బాలవ్వ లేచి తమ్ముడి ఇంటికి పోయింది. అంజన్న గడప ముందు కూర్చుని గరిటెలకు బూడిద రుద్దుతున్నాడు. ఆ చుట్టుపక్కల వాడల్లో ఎక్కడ పెళ్లి జరిగినా రెండో టెంటు అతనిదే. ఒక రకంగా అతని సంసారం నడిచేదే రెండో టెంటు మీద.

“తమ్మీ, బాలమల్లు బిడ్డ పెండ్లిల ఒక్కటే టెంటు. ఒక్కటే వంట. వాడోళ్లు కూరగాయలు కోస్తరు, మసాలా నూరుతరు, గంజుల గరిటె పెడ్తరు. నువ్వు వాళ్లతోని కలిసి వండుతవు.”

అంజన్న నవ్వాడు. అక్క మొహం చూసి నవ్వు ఆపాడు. “నీకు పానం బాగలేదా అక్కా? గట్ల వండితే రేపు నన్ను ఊళ్లె ఎవలు పిలుస్తరు? నా పొట్ట కొడ్తవా?”

“వండుడు నేర్పింది నేను. నీ పొట్ట గూడ నాకెరుకే. ఒక్క టెంటుల గూడ కూలి గదే ఇస్తరు గదరా?”

“కూలి గదే. ఇజ్జత్ గది కాదు.”

“రెబెకాకు గరిటె అడ్డం పెట్టినప్పుడు ఆ పిల్ల ఇజ్జత్ ఎటు పోయిందిరా?”

“నేనేమన్న కొట్టిన్నా? బిడ్డా అని మంచిగనే అన్న!”

ఆ మాట వినగానే బాలవ్వ గొంతు తగ్గింది. తమ్ముడి నోట తన మాటే వినిపించింది. “మంచిగనే అన్నవురా. నేను గూడ మంచిగనే చెయ్యి పట్టిన. అక్కనూ తమ్ముడూ కలిసి మంచిగనే బయటకు తోలినం. ఇగ చాలు. రెండు టెంట్లున్న కాడ నువ్వు వండినవంటే నా గడప తొక్కకు. నేను నీ గడప తొక్క.”

అంజన్న రెండు రోజులు తిండి సరిగా తినలేదు. మూడో రోజు కబురు పంపాడు, వండుతానని. ఒప్పుకుని కాదు. అక్క మాట మీద నిలబడుతుందని తెలిసి.

బాలవ్వ బాలమల్లుకు కూడా ఒక్క టెంటు చాలని చెప్పి వచ్చింది. అది విని హనుమండ్లు ఊరుకోలేదు. ఒకటే టెంటు అయితే తమవాళ్లెవరూ రారని బాలమల్లుకు చెప్పి పంపాడు. బాలమల్లు పరేషాన్ అయిపోయి ప్రేమమ్మ ఇంటికి పరిగెత్తాడు. అప్పటికే బాలవ్వ అక్కడ గుమ్మంలో నిలబడి ఉంది, లోపలికి వచ్చిందీ లేదు, బయటికి పోయిందీ లేదు.

“అవ్వా,” అన్నాడు బాలమల్లు, “మీరు మంచికే చెప్పిన్రు. గానీ ఊరు రాకుంటే బిడ్డ అత్తగారోళ్ల ముంగట నా తల ఎట్ల లేస్తది? రెండో టెంటు ఏసుడే నయం.”

బాలవ్వ నోరు విప్పబోయింది. ప్రేమమ్మ చేయి చూపి ఆపింది. “నువ్వు ఆగక్కా. మావోళ్లకు నేను చెప్త, మీవోళ్లకు నువ్వు చెప్పు.” తర్వాత బాలమల్లు వైపు తిరిగింది. “మామా, నా కొడుకు పెండ్లికి ఊరంతా వచ్చింది. నా తల లేచిందా? కోడలు ముంగట ఇంక దించుకునే ఉన్న. రాని ఊరు రాకపోనీ. వచ్చేటోళ్లు నీ బిడ్డ కోసం వస్తరు.”

బాలమల్లు ఆఖరికి టెంటు హౌసువాడికి ఫోన్ చేసి ఒకటి తగ్గించాడు.

బాలవ్వ ఊళ్లో ఇంటింటికీ తిరిగింది. దండం పెట్టి బతిమాలలేదు, తిట్టనూ లేదు. “ఒక్కటే టెంటు. నేను గాడ తింటున్న. మీరొస్తరా రారా?” అని అడిగి పోయేది. కొందరు తలుపు దగ్గరే మాట మార్చారు. ఒకావిడ ఆ రోజు తనకు ఉపవాసం అంది. ఏ దేవుడికి అని అడిగితే ఇంకా నిర్ణయించుకోలేదంది. నాట్ల జట్టులోని ఆడవాళ్లు మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుని, “నువ్వు ముందు కూచో, చూద్దాం” అన్నారు.

పెళ్లి రోజు చర్చి ముందు ఒకటే టెంటు. రాళ్ల పొయ్యిల మీద గంజులు ఉడుకుతున్నాయి. అంజన్న తుండుగుడ్డ నెత్తికి చుట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా గరిటె తిప్పుతున్నాడు. పక్కన ప్రేమమ్మ ఉల్లిగడ్డలు కోస్తూ, “అంజన్నా, అల్లం తక్కువైంది” అంటే, “నాకెరుకే” అని, ఎవరూ చూడనప్పుడు ఇంకొంచెం వేశాడు.

మొదటి బంతికి ఇస్తార్లు పరిచారు. వాడ బంధువులు కూర్చున్నారు. వాళ్ల నడుమ, ఎవరూ పిలవకముందే, బాలవ్వ పోయి కూర్చుంది. ఆ టెంటు అంచున, రోడ్డు మీద, ఊరి జనం గుంపులుగా నిలబడి చూస్తున్నారు. తినడానికి వచ్చారో, తినేవాళ్లను చూడడానికి వచ్చారో వాళ్లకే తెలియదు.

హనుమండ్లు బండి ఆపాడు, దిగలేదు. “బాలవ్వా! ఇంటిపేరు మర్చిపోయినవా?”

“యాదికున్నది బావా. దిగు, నీకు గూడ ఇస్తారి ఏపిస్త.”

“ఇయ్యాల నువ్వు గా బంతిల తింటే, ఇగ మా ఇంట్ల పండుగకు నీకు పిలుపుండది. చెప్తున్న.”

ఆ ఇంట్లో ఆమె పెంచిన పిల్లలున్నారు. ఆమె చేయి వేయని పండుగ ఆ ఇంట్లో జరగలేదు. ఇస్తారి మీద అన్నం పడింది, ఆవిర్లు వస్తున్నాయి. కూర పోస్తున్నది రెబెకా. బాలవ్వ ఆ పిల్ల వైపు చూడలేదు, బావ వైపే చూసింది.

“పిలువకుంటే రాను బావా. పిలిస్తే మాత్రం వీళ్లను గూడ పిలువుమంట.” అని ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది.

హనుమండ్లు బండి తిప్పుకుని పోయాడు. అతని వెంట ఒక గుంపు పోయింది. ఆ వెంటనే కొమురెల్లి, మోకాలు పట్టుకుని కుంటుకుంటూ గుంపులోంచి బయటికి వచ్చాడు. “నాకు కింద కూచునుడు కాదు, డాక్టర్ వద్దన్నడు. ఒక కుర్చీ ఏయిరి,” అన్నాడు, భార్య తప్ప మిగతా అందరి వైపు చూస్తూ. కుర్చీ వేశారు. పళ్లెం ఒళ్లో పెట్టుకుని తిన్నాడు. తర్వాత నాట్ల జట్టు ఆడవాళ్లు నలుగురైదుగురు వచ్చి సర్దుకున్నారు. అంతే. మిగతా ఊరు రాలేదు. వండింది చాలా మిగిలింది. బాలమల్లు మొహం చూస్తే, కూతురు పెళ్లయిందన్న సంతోషమూ, ఊరు రాలేదన్న బాధా రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. మిగిలిన కూరను చుట్టాలు గిన్నెలకెత్తుకుంటుంటే బాలవ్వ పోయి అతని పక్కన కూర్చుంది. ఓదార్చే మాటలు నోటి దాకా వచ్చాయి, మింగేసింది.

అందరూ పోయాక ప్రేమమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది. తన ఇస్తారి తనే వేసుకుంది.

“ఊరు రాలే అక్కా.”

“రాలే.”

“హనుమండ్లు పటేలు నిన్ను ఇగ పిలువడు.”

“పిలువడు. ఇంత తిన్నా గూడ నువ్వు ఒక్క మంచి మాట అన్లేదేందే?”

“ఒక్కపూట తిన్నందుకు దండేస్తమనుకున్నవా?”

“దండ వద్దు గానీ రెండు ముక్కలెయ్యి.”

ప్రేమమ్మ వేసింది. తినడం మొదలుపెట్టి, ముద్ద మధ్యలో ఆపి అంది: “వచ్చే శుక్రారం మా చెల్లె బిడ్డ పెండ్లి. కాల్వ అవతలి ఊరు. గాడ గూడ రెండు టెంట్లేస్తున్రు. వస్తవా?”

“గాడ నన్నెవలు ఎరుగుదురే?”

“ఎవ్వలు ఎరుగరు. బాలవ్వ మంచిదని అనేటోళ్లు గూడ ఉండరు.”

బాలవ్వ ఆ మాటను కాసేపు నమిలింది. అక్కడ తన మాట వినే తమ్ముడు లేడు, భయపడే చుట్టం లేడు. మొత్తం మొదటి నుంచి మొదలు. చేయి విదిలించి, నీళ్ల చెంబు అందుకుంటూ అడిగింది:

“పొద్దుగాల ఏ బస్సుకు పోదాం?”